పాలమ్మ కబళం

తెల్లవారేసరికి మంచు కురవడం ఆగింది. మబ్బులు మూటాముల్లె సర్దుకుని తూర్పుకు తరలిపోయాయి. ధవళ కనుమ మీద సూర్యుడు పొడవగానే శిఖరాలన్నీ వెండి కిరీటాలు ధరించాయి. దేవదారు వృక్షాలు తెల్లపట్టు కప్పుకుని, ఆ బరువుకు కొమ్మలు వంచి, కొత్త కోడళ్లలా తలలు దించుకున్నాయి. లోయలో గడ్డకట్టిన వాగు నీలాల పేరులా మెరిసింది. చూసేవాళ్లకు అది కన్నుల పండుగే. నడిచిపోవలసినవాళ్లకు మాత్రం అంతకంటె గడ్డు ఉదయం మరొకటి లేదు.

నడిచిపోవలసినవాళ్లు ఇద్దరు. ఒకడు కొమ్మన, శాలిపురం కోటలో ధాన్యపు కొట్లకు కావలివాడు. భుజాలు వెడల్పు, మాటలు పొదుపు. రెండో మనిషి పేరు అడిగితే తారడు అని చెప్పేది. ఉప్పు అమ్ముకునే కుర్రాడినని చెప్పేది. తలపాగా, గొర్రెతోలు అంగీ, మేక వెంట్రుకలు గుగ్గిలంతో అంటించిన మీసం. ఆ మీసం వెనక ఉన్నది శాలిపురం రాకుమారి తారావళి.

వాళ్లు ఈ కొండల్లోకి ఎందుకు వచ్చిపడ్డారంటే, ధూమ్రజటి అనే మాంత్రికుడి శాపం చేత రాజు మహీపాలదేవుడు అరికాళ్ల నుంచి పైకి కొంచెం కొంచెంగా రాయి అయిపోతున్నాడు. కనుమకు ఈవల ఉన్న జ్వాలాదేవి గుడిలోని నిప్పు తీసుకుపోయి ఆయన పాదాల దగ్గర పెడితే రాయి మళ్లీ ఒళ్లవుతుంది. కాని రాయి గొంతు దాటితే ఏ నిప్పుతోనూ పని జరగదు. ఈ సంగతి సభలో చదివిన రోజున మంత్రులందరికీ ఒక్కసారే మోకాళ్ల నొప్పులు వచ్చాయి. కొట్ల కావలివాడు కొమ్మన ఒక్కడే లేచి నిలబడ్డాడు. రాకుమారి ఎవరికీ చెప్పకుండా మీసం పెట్టుకుని అతని వెంట బయలుదేరింది. ఆమె ఎవరో దారిలో అతనికి తెలిసిపోయింది.

పడవలసిన పాట్లు పడి నిప్పు సంపాదించారు. మూతపెట్టిన మట్టికుండలో, బూడిద పరుపు మీద, గుగ్గిలం పలుకులు తింటూ అది ఎర్రగా బతుకుతోంది. ఇక ధవళ కనుమ దాటితే చాలు, అవతల శాలిపురం దారి. సరిగ్గా అక్కడే మంచు వచ్చి వాళ్లను దుగ్గమ్మ గుడిసెలో కట్టిపడేసింది. దుగ్గమ్మ కనుమ దాటించే మనిషి, తల నెరిసింది. ఆమె తల్లి అదే పని చేసింది, ఆ తల్లి తల్లి కూడా అదే.

తారావళి అంగీ మెడ సడలించి లోపలి పగడాల పేరు బయటికి తీసింది. అది తండ్రి మెడలోది. ఆయన ఒంట్లో రాయి ఎక్కినకొద్దీ ఇందులో పగడాలు ఒక్కొక్కటే బూడిదరంగు గులకరాళ్లవుతున్నాయి. కొలికి దగ్గర కొద్ది పగడాలే ఇంకా ఎర్రగా ఉన్నాయి. 

"ఇవాళే దాటాలి. రాయి నాన్నగారి రొమ్ము దాటింది," అంది.

పొయ్యి దగ్గర జావ కలుపుతున్న దుగ్గమ్మ తల ఎత్తలేదు. "ఇయ్యాల ఎవురూ దాటరు. జావ తాగి పండుకోండి."

"అక్కా, మేం పండుకునే స్థితిలో లేం," అన్నాడు కొమ్మన.

"సచ్చే స్థితిలో ఉండారా? రాండి, సూపిస్తా." ఆమె గరిటె పక్కన పెట్టి లేచింది. పోతూ పోతూ తారావళి వైపు చూసి, "నువ్వూ రా కుర్రోడా. మీసం పట్టుకుని రా, ఎడమ కొస ఊడతాంది," అంది. తారావళి ముఖం మీసం కింద కూడా ఎర్రబడింది. ఇన్నాళ్లూ తన వేషం అద్భుతంగా కుదిరిందనే అనుకుంది పాపం.

గుడిసె వెనక పాలమ్మ వాలు మొదలవుతుంది. పాలమ్మ అంటే ఆ కొండవాళ్ల దేవత. రెండు రాతి గుట్టల నడుమ, పైన ఇరుకుగా కింద వెడల్పుగా, ఏటవాలుగా పరుచుకున్న తెల్లటి మైదానమే ఆమె రూపమంటారు. శాలిపురం దారి ఆ వాలును నట్టనడుమ అడ్డంగా కోసుకుంటూ పోతుంది. దుగ్గమ్మ వాలు అంచున కూర్చుని చెక్కపారతో నడుము లోతు గుంట తవ్వి, దాని గోడను చేత్తో నున్నగా తుడిచింది.

"ఇది ఇప్పుడు పడిన మంచు. మూరకు పైన ఉండాది, బరువైంది. దాని కింద సూడు."

కొమ్మన వేలు పెట్టి చూశాడు. కొత్త మంచు కింద సన్నటి పొర ఒకటి చక్కెర పలుకుల్లా పొడిపొడిగా రాలిపోయింది. దాని కింద మళ్లీ రాయిలాంటి పాత మంచు.

"ఆ పలుకులు ఒకదాన్నొకటి పట్టుకోవు," అంటూ దుగ్గమ్మ గుంట పైఅంచు మీద అరచేత్తో మెల్లగా తట్టింది. మూరెడు మందం పలక ఒకటి తెగి, చక్కెర పొర మీదుగా జారి ఆమె ఒళ్లో పడింది. "నా సేతి దెబ్బకే ఇట్టుంటే, మీ కాళ్లకు ఎట్టుంటాదో తెలుసుకోండి. మంచు సర్దుకునేదాకా ఆగాల."

"అయితే మాట్లాడకుండా, చప్పుడు లేకుండా వెళ్తే?" అని తారావళి గుసగుసగా అడిగింది.

దుగ్గమ్మ పకపకా నవ్వింది. "అరుపుకు కొండ పడదు తల్లీ, అడుగుకు పడతాది. మేం మాట్లాడకుండా నడిసేది పాలమ్మ నిట్టూరిస్తే ఇనపడాలని."

అంతలో కింద లోయలో కొమ్ము ఊదిన శబ్దం వినిపించింది. ముగ్గురూ వంగి చూశారు. దేవదారుల మధ్య నుంచి నల్లటి చుక్కలు బారుగా పైకి పాకుతున్నాయి. వాటి ముందు ఎర్రశాలువ కప్పుకున్న ఆజానుబాహువు ఒకడు కత్తితో దారి నరుక్కుంటూ వస్తున్నాడు. అతను కఠారిరాయడు, ధూమ్రజటి సేనాపతి. జ్వాలాదేవి గుడి దగ్గర తప్పించుకున్న నాటి నుంచి నిప్పు కోసం వీళ్ల వెంటే పడ్డాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు కదా. ఇక్కడ గొయ్యి తనంతట తానే కాళ్లతో నడిచి వస్తోంది.

"ఇప్పుడేమంటావక్కా?" అన్నాడు కొమ్మన.

దుగ్గమ్మ కొంచెంసేపు వాలు వైపు, కొంచెంసేపు లోయ వైపు చూసింది. "కబళం పెట్టాల," అంది చివరికి.

ఆ కొండవాళ్ల ఆచారం అది. ఆకలి మీద ఉన్న పాలమ్మ మీద ఎవరూ కాలు పెట్టరు. తప్పనిసరి అయితే పక్కనున్న రాతిగుట్ట ఎక్కి, పెద్ద బండ ఒకటి వాలు మీదికి దొర్లిస్తారు. ఆ దెబ్బకు మంచు జారిందంటే పాలమ్మ కబళం తిన్నదని అర్థం. తిన్న తర్వాత మళ్లీ మంచు కురిసేదాకా ఆమె ఇంకొకటి అడగదు. తిన్న తల్లిని అనుమానించడం మహాపాపం.

నిప్పుకుండ తారావళి గుండెలకు అదుముకుంది. ముగ్గురూ గుట్ట ఎక్కారు. పైన రెండు బండలు పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. దుగ్గమ్మ గునపం వేసింది, కొమ్మన భుజం ఆనించాడు. మొదటిది కదిలింది. దాన్ని పెకలించే ఊపులో రెండోదాని మొదలు కూడా వదులైంది. మొదటి బండ దొర్లుకుంటూ పోయి, దారి ఉన్నచోట వాలు నడుమ దబ్బున పడింది.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత కొండ నిట్టూర్చింది. లోతుగా, అలసటగా, హుమ్మని. బండ పడ్డచోట నల్లటి గీత ఒకటి పుట్టి ఈ గుట్ట నుంచి ఆ గుట్టదాకా పాములా పరుగు తీసింది. ఆ గీతకు దిగువనున్న మంచంతా ఒక్కటిగా కదిలింది. పలకలు పలకలుగా విరిగింది, నురుగెత్తింది, ఉరిమింది. తెల్లటి పొడి ఆకాశమంతా కమ్మేసింది. అది అణిగేసరికి వాలు దిగువ సగం ఊడ్చిన నేలలా గట్టిగా, బోసిగా ఉంది. విరిగిన మంచుగడ్డలు అడుగున కుప్పపడి ఉన్నాయి.

దుగ్గమ్మ నేలకు నుదురు ఆనించి మొక్కింది. "తల్లి తినింది. ఇంక నిమ్మళంగా పోవచ్చు." మొలలోంచి ఎర్ర నూలుదారపు చుట్టలు మూడు తీసింది. ఒక్కొక్కటీ పొడవాటి వీధంత ఉంటుంది, పొడవునా ముడులు వేసి ఉంటాయి. కొండవాళ్లు దాన్ని ఎర్రతోక అంటారు. "నడుముకు కట్టుకుని ఎనక ఈడ్సుకుంటా నడవాల. మనిషి మునిగినా తోక పైన తేలతాది. సూడండి, ముళ్లు నడుము కాడ దగ్గిర దగ్గిరగా ఉంటాయి, కొసకు పోయేకొద్దీ ఎడమెడంగా. ముళ్లు దగ్గరయ్యే దిక్కున మనిషి ఉంటాడు."

కొమ్మన దారం అందుకున్నాడు గాని కట్టుకోలేదు. అతని చూపు పైనుంది. తెగినచోట మంచు నిట్టనిలువు గోడలా నిలబడింది. ఆ గోడ పైన వాలు ఎగువ సగమంతా అలాగే ఉంది, ఒక్క పలక కూడా కదలలేదు.

"అక్కా, ఇది తినలేదు. సగమే తిన్నది."

"ఏందీ?"

"కింద ఆసరా పోయింది. పైది ఊరికే వేలాడుతోంది. ఆ గోడ కింద నడిచామంటే మన మీదికే వస్తుంది."

దుగ్గమ్మ కళ్లు ఎర్రబడ్డాయి. "నిన్నగాక మొన్న కొండెక్కినోడివి. పాలమ్మ కడుపు సంగతి నాకు సెప్తావా? మా తాతముత్తాతలకు తెలవనిది నీకు తెలిసిందా?"

"కొండ సంగతి నాకు తెలియదు. కుప్ప సంగతి తెలుసు." కొమ్మన వేలెత్తి ఆ గోడను చూపించాడు. "మా అన్న కూడా కొట్ల కావలివాడే. పెద్దకొట్టు అడుగు తలుపు తీసి వడ్లు లాగాడు. కిందివి ఖాళీ అయ్యాయి, పైవి గోడ కట్టినట్టు నిలిచిపోయాయి. నిలిచాయి కదా అని లోపల కాలు పెట్టాడు. నేను పరుగెత్తుకొచ్చేసరికి వడ్ల పైన చేతులు మాత్రం కనిపించాయి."  అన్న మాట వస్తే అతనికి ఇప్పటికీ దుఃఖం ఆగదు.

దుగ్గమ్మ కొంచెం మెత్తబడింది గాని ఒప్పుకోలేదు. ఆచారం అంత తేలిగ్గా వదిలేదా? సరిగ్గా అప్పుడే వాలు అవతలి నుంచి పిలుపు వినిపించింది.

"దుగ్గీ! ఓ దుగ్గీ!"

అవతలి గుట్ట మొదట్లో, భుజాన ఉప్పుమూట, తలకు ఉన్నిటోపీతో మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. దుగ్గమ్మ ముఖం చేటంత అయింది. "మా ఈరన్న! మంచుకు ముందు సంతకు పోయినోడు, వచ్చేసినాడు." ఈరన్న ఆమె మగడు.

ఈరన్న చెయ్యి ఊపుతూ, ఊడ్చుకుపోయిన చాలులోకి, గోడ కిందికి నడిచి వచ్చాడు. "తల్లి తినింది గదా, ఇంకా ఆడేం సేస్తాండావు? వాళ్లను తోలుకుని రా, భయమేం లేదు," అని పిలిచాడు.

దుగ్గమ్మ ఒక అడుగు దిగింది. రెండో అడుగు వెయ్యబోయి ఆగిపోయింది. ఆమె చూపు మగడి ముఖం మీద లేదు, నడుము మీద ఉంది. తర్వాత అతని వెనక నేల మీద ఉంది.

"ఎర్రతోక ఏది?" అంది గొణుగుతున్నట్టు. "తోక లేకుండా మా ఈరన్న పాలమ్మ మీద కాలు పెట్టడు. తాగినా పెట్టడు."

కొమ్మన కూడా చూశాడు. పైనుంచి రాలి పరుచుకున్న మెత్తటి పొడి మీద నడిచి వచ్చిన ఆ మనిషి వెనక ఒక్క అడుగుజాడ కూడా లేదు.

 దుగ్గమ్మ గునపం ఎత్తింది. "వొరే మాయలోడా, నా మొగుడి ముఖం నీకు ఎవుడిచ్చినాడ్రా?" అని కేక పెట్టింది.

ఈరన్న నవ్వాడు. నవ్వుతుండగానే ఉన్నిటోపీ పొగలా లేచి, పొగరంగు జడలుగా మారి భుజాల మీద పడింది. ముఖం కోలగా సాగింది. అది ధూమ్రజటి ఛాయ. మాంత్రికుడు ఎక్కడో తన గుహలో కూర్చుని, నీడను మాత్రం ఇక్కడికి పంపాడు. మాయకు నోరుంటుంది, రూపముంటుంది, బరువుండదు. మంచును కూల్చాలంటే వాడికి నిజమైన కాళ్లు కావాలి. అందుకే పిలిచాడు.

"మమ్మల్ని రమ్మన్నాడంటే తల్లి ఇంకా ఆకలి మీదనే ఉండాది," అంది దుగ్గమ్మ.  అమ్మమ్మల నాటి నుంచి నమ్మిన మాట కళ్ల ముందే అబద్ధమైంది. "ఇన్నేండ్లలో ఎందరు ఈ మాట నమ్మి పోయినారో," అని ముక్కు చీదింది. తర్వాత కొంగు బిగించింది. "తమ్ముడూ, నీ మాటే నిజం. ఇప్పుడు ఆ రెండో బండ కూడా దొర్లిద్దాం. పైసగం దిగిపోతే నిజంగానే దారి."

మంచి ఆలోచన. కొమ్మన రెండో బండకు భుజం ఆనించాడు కూడా. ఆనించి, కిందికి చూశాడు.

కఠారిరాయడు వచ్చేశాడు. అతని భటులు మంచుగడ్డల కుప్ప దగ్గరే ఆగిపోయారు. ఎంత అదిలించినా ఒక్కడూ కదల్లేదు. సేనాపతి వాళ్లను తిట్టిపోసి, ఒంటరిగా ఊడ్చుకుపోయిన చాలులోకి దిగి, గట్టి నేల మీద చకచకా పైకి వస్తున్నాడు. బండ దొర్లితే పైసగమంతా అతని నెత్తినే.

"కఠారిరాయా!" కొమ్మన నోటికి చేతులు అడ్డం పెట్టి అరిచాడు. "అక్కడ నడవొద్దు. పైన మంచు వేలాడుతోంది. పక్క గుట్ట ఎక్కు."

సేనాపతి తలెత్తి చూశాడు. గుట్ట అంచున ఊగుతున్న బండను, దానికి ఆనిన భుజాన్ని కూడా చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. "ధాన్యం కొలిచేవాడు నాకు నడక నేర్పుతాడా?" అని నవ్వి, మళ్లీ పైకి రావడం మొదలుపెట్టాడు.

"తొయ్యి!" అంది దుగ్గమ్మ. "సెప్పినావు, ఇనలేదు. తప్పు మనది కాదు."

తారావళి పగడాల పేరు పిడికిట్లో బిగించింది. తొయ్యమని చెప్పాలని ఆమెకు ఎంతగానో ఉంది. తండ్రి ప్రాణం అక్కడ, ఈ దుర్మార్గుడి ప్రాణం ఇక్కడ.

కొమ్మన భుజం వెనక్కి తీసుకున్నాడు. "కుప్ప కింద చేతులు ఒకసారి చూశాను. నా చేత్తో ఇంకొకరివి చూడను. వేరే దారి చెప్పక్కా."

దుగ్గమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. "ఉంది. పాలమ్మ మెడ," అంది.

గుట్ట కొస దగ్గర వాలు ఇరుకైపోతుంది. ఈ రాతి నుంచి ఆ రాతికి గట్టిగా రాయి విసిరితే చేరేంత దూరం. కాని అక్కడ కాలు పెట్టేది వేలాడే మంచు నెత్తి మీదనే. ఒకరి బరువు మోస్తే మోస్తుంది, ఇద్దరిని మోయదు. ముగ్గురూ రాళ్లు పట్టుకుని పాకుతూ పైకి చేరారు. దుగ్గమ్మ అందరి నడుములకూ ఎర్రతోకలు కట్టింది. "మూటల కట్లు వదులు సేసుకోండి. మంచు లాగితే ముందు మూట ఇడిసెయ్యాల, లేకుంటే అది మిమ్మల్ని అడుక్కు తీసుకుపోతాది. ఒకరు అవతలి రాయి ముట్టినాకనే ఇంకొకరు."

ముందు తాను నడిచింది. పాదం ఎత్తేది, అడ్డంగా పెట్టేది, చెవి ఒగ్గి వినేది. ఎర్రదారం ఆమె వెనక తెల్లటి మంచు మీద మెలికలు తిరుగుతూ పోయింది. అవతలి రాయి ముట్టుకుని చెయ్యి ఎత్తింది.

"నిప్పు మీరు తీసుకోండి, రాకుమారీ," అన్నాడు కొమ్మన. "మీరు తేలిక. మంచు నన్ను మోస్తుందో లేదో నిప్పుతో పందెం కాయలేను."

"నువ్వు వెనకే వస్తావుగా?"

"వస్తాను. మీరు నడవండి."

తారావళి నడిచింది. కుండ గుండెల దగ్గర వెచ్చగా ఉంది, కాళ్లు మాత్రం మొద్దుబారిపోయాయి. సగం దూరంలో ఎడమ కాలు తొడదాకా దిగబడింది. కుండ ఒరిగింది, మూత కింద నిప్పు చిటపటలాడింది. ఆమె పళ్లు కరిచిపట్టి, కుండను రెండు చేతులా పైకెత్తి, మోకాలి మీద పాకి పైకొచ్చింది. దుగ్గమ్మ ఆమె చెయ్యి పట్టి రాతి మీదికి లాగింది.

కొమ్మన కాలు పెట్టాడు. వెడల్పాటి మనిషి, ప్రతి అడుగుకూ మంచు కిర్రుమంది. సగం దాటాడు. ముప్పాతిక దాటాడు. తారావళి ఊపిరి బిగబట్టి చెయ్యి చాపింది.

కొండ నిట్టూర్చింది.

అతనికి, ఆమె చేతికి నడుమ నల్లగీత చీలింది. తన కాళ్ల కింద నేల కదిలిపోతుంటే కొమ్మన మూట విప్పి పారేశాడు. ఆ క్షణంలో అతను వెనక్కి తిరిగి కిందికి అరిచిన మాట తారావళి స్పష్టంగా విన్నది. "కఠారిరాయా, పక్కకు పరుగెత్తు!"

తర్వాత ఉరుము తప్ప ఏమీ లేదు. పాలమ్మ పైసగం ఒక్కుమ్మడిగా దిగింది. కొమ్మన చేతులు ఈదుతున్నట్టు ఆడుతూ ఒకసారి కనిపించాయి, మళ్లీ కనిపించలేదు. ఎర్రశాలువ ఒకటి పక్కకు పరుగు తీసి, తప్పించుకోలేక, ఆ తెలుపులో కలిసిపోయింది. అడుగునున్న భటులు కొమ్ములూ కత్తులూ పారేసి, లోయలోకి పారిపోయారు.

పొడి అణిగింది. తారావళి గుట్ట దిగడం మొదలుపెట్టింది.

"ఎంతసేపు బతుకుతాడు?" అని నడుస్తూనే అడిగింది.

"జావకుండ ఉడికేంతసేపు. అదృష్టం ఉంటే ఇంకాస్త." దుగ్గమ్మ ఆమె వెనకే దిగుతూ, ఒక్కసారి ఆగింది. "తల్లీ, నీ పగడాల పేరు సూడు."

తారావళి పగడాల పేరు చూసింది. ఆమె చూస్తుండగానే ఒక పగడం బూడిదరంగుకు తిరిగింది. ఎర్రగా మిగిలినవి రెండో మూడో. ఇప్పుడు బయలుదేరి ఆగకుండా నడిస్తేనే నిప్పు వేళకు చేరుతుంది. బరువు లేని ధూమ్రజటి ఛాయ రాతి మీదికి చేరి ఇకిలించింది. "ఏది కావాలి రాకుమారీ? తండ్రా, కాపలావాడా?"

ఆమె వాడికేసి తలెత్తను కూడా లేదు. పేరు మెడలోంచి తీసి దుగ్గమ్మ చేతిలో పెట్టింది. నిప్పుకుండ కూడా ఇచ్చింది.

"కనుమ అవతల దారి నీకు తెలుసు, నాకు తెలియదు. నేను పోతే దారి తప్పుతాను. నువ్వు పోతే నిప్పు చేరుతుంది. కోట వాకిట్లో ఈ పేరు చూపించు, తలుపులు తీస్తారు. నాన్నగారి పాదాల దగ్గర పెట్టు. నిప్పును ఎవరు తెచ్చారని రాయి అడగదు."

"మంచులో మనిషిని ఎతకడం నీకు సాతనవుతాదా?"

"ముళ్లు దగ్గరయ్యే వైపు అన్నావుగా. సాతనవుతుంది."

దుగ్గమ్మ ఆమె తలపాగా మీద చెయ్యి పెట్టి, వెంటనే తిరిగింది. అంత వయసులోనూ ఆమె జింకలా పరుగెత్తింది. తండ్రి ఎంతదాకా రాయి అయ్యాడో తెలుసుకునే దారి తారావళికి ఇక లేదు.  ఆమె మంచుగడ్డల మీదికి దూకింది.

కుప్పలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆమె పాకింది, లేచింది, పడింది, పేరు పెట్టి పిలిచింది. చివరికి రెండు గడ్డల సందున ఎర్రటి పోగు కనిపించింది. దారం. ముళ్లు ఎడమెడంగా ఉన్నాయి. దాన్ని చేతుల మధ్య జరుపుకుంటూ పోయింది. ముళ్లు దగ్గరయ్యాయి, దారం మంచులోకి దూరింది. ఉప్పు వర్తకుడి వేషం కోసం నడుముకు వేలాడదీసుకున్న తక్కెడ లాగి, ఇత్తడి పళ్లెంతో తవ్వడం మొదలుపెట్టింది. గోళ్లు చిట్లాయి. మీసం సగం ఊడి పెదవి మీద వేలాడింది.

మోచేతి లోతున చెయ్యి తగిలింది. ఆమె ప్రాణం లేచివచ్చింది. మంచు తుడిచి చూస్తే దానికి ఇనుప తొడుగుంది. అది కొమ్మన చెయ్యి కాదు. కొట్టుకుపోతూ దొరికిన ఎర్రదారాన్ని ఆ పిడికిలి గట్టిగా పట్టుకుంది. ఆ పిడికిట్లోంచి దారం ఇంకా కిందికి పోతోంది. కొమ్మనను చేరాలంటే ఈ మనిషిని తియ్యక తప్పదు.

తారావళి ఆలోచించలేదు. తవ్వింది. ముందు ముఖం బయటపడింది. నోట్లో కుక్కుకున్న మంచును వేలితో లాగేసింది. కఠారిరాయడు పెద్దగా ఊపిరి పీల్చి, దగ్గి, కళ్లు తెరిచాడు. రొమ్ము బయటపడగానే తానే గుంజుకుని, ఈడ్చుకుని పైకొచ్చాడు. వెంటనే అలవాటు కొద్దీ మొలలోని కత్తి దూశాడు. ఎదురుగా సగం మీసంతో, రక్తం కారే చేతులతో, ఇత్తడి పళ్లెం పట్టుకున్న శాలిపురం రాకుమారి ఉంది.

"కఠారిరాయా," పైనుంచి ధూమ్రజటి గొంతు వినిపించింది. "దాన్ని నరికి, నిప్పుతో పోతున్న ముసలిదాని వెంటపడు."

తారావళి అతని వంక చూడలేదు. వంగి, అతను లేచిన గుంతలోనే మళ్లీ తవ్వుతోంది.

కఠారిరాయడు కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తల ఎత్తి గుట్ట మీద ఇంకా ఊగుతున్న రెండో బండను చూశాడు. 

"ఆ బండ నా నెత్తి మీదే ఉండింది," అన్నాడు బొంగురుగా. "వాడు భుజం ఆనించడం చూశాను. తోసి ఉంటే మీకు దారి దొరికేది, నా పీడ వదిలేది. ఎందుకు తొయ్యలేదు?"

తారావళి తక్కెడ రెండో పళ్లెం తెంపి అతని కాళ్ల ముందు పడేసింది.

"చెప్పవలసినవాడు నీ కాళ్ల కింద ఉన్నాడు," అంది. "తవ్వి అడుగు."